ఆరు వేల ఫైళ్లలో పెంటమ్మ

మనిషిని వెతకాలంటే ముందు పేరు తెలియాలంటారు. పెంటమ్మ పేరు నాకు బాగా తెలుసు. ఆ పేరు పట్టుకునే దాన్ని ఏడిపించాను. అప్పటికి మా ఇద్దరికీ పన్నెండేళ్లు.

మాది కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున ఏటిగడ్డ. ఇప్పుడు లేదు. ఎనభై ఒకటిలో డ్యాం నీళ్లు వెనక్కి తన్ని ఊరిని ముంచేశాయి. మా అబ్బా ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. గోడ అవతల పెంటమ్మ వాళ్లు, జొన్న పండించుకునే కాపోళ్లు. గోడ అంటే పేరుకే, మేకపిల్ల కూడా దూకేది. పొద్దున నేను వాళ్లింట్లో అంబలి తాగేదాన్ని, అది మా ఇంట్లో రొట్టె తినేది. వాళ్ల నాయనను నేను బాపు అనేదాన్ని. మా అబ్బాను అది అబ్బా అనేది.

ఊరు ఖాళీ చేసే వారం వచ్చింది. జనం ఇళ్ల దూలాలు పీకుతున్నారు, తలుపులు ఊడదీసి బండ్లకెక్కిస్తున్నారు, ఊరికే ఒకరి మీద ఒకరు కసురుకుంటున్నారు. ఆ గోలలో నా ఎర్ర రిబ్బను పెంటమ్మ ఎక్కడో పోగొట్టింది. ఒక్క రిబ్బను. దానికి నేను బోరింగు దగ్గర పదిమంది ఆడవాళ్ల ముందు నోటికొచ్చిందల్లా అన్నాను.

"పేరే పెంట. పెంటకుప్ప మీది దానివి. నీతోని దోస్తీ ఎవరు చేస్తరే?"

పెంటమ్మ బిందె నింపుకోకుండానే ఇంటికి పోయింది. మూడో రోజు వాళ్ల లారీ బయలుదేరింది. మా అమ్మ లాడ్లీ బేగం వాకిట్లో నిలబడి రెండుసార్లు పిలిచింది, "బయటికి రావే జాహేదా, పిల్ల పోతాంది" అని. నేను కదల్లేదు. ముక్కు మీద కోపం నాది, ఇప్పటికీ అంతే. లోపల చాప మీద కూర్చుని లారీ హారను విన్నాను. ఆ లారీ నాకోసమే ఆగి ఉందని తెలిసి కూడా కూర్చున్నాను.

లారీ పోయాక అమ్మ నా జుట్టు పట్టుకుని చెప్పింది.

"దానికంటె ముందు ముగ్గురు పుట్టిండ్రు. ముగ్గురికి ముగ్గురు పోయిండ్రు. గిది పుట్టంగనే తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు. సావుకు గూడ అక్కరకు రాని చెత్త అనిపియ్యాలని. నేనే పోయి ఎత్తుకొచ్చిన. చాటెడు తవుడుకు మళ్ల వాళ్లకే అమ్మినట్టు ఇచ్చిన. అప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నవు. గా పేరు పట్టుకొని తిడ్తవా?"

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. ఒక్కసారి దాని ముందు నిలబడి ఆ మాట వాపసు తీసుకోవాలి. పదిహేడేళ్లుగా నా మనసులో ఉన్నది అదొక్కటే అంటే మా ఆయన షరీఫ్ నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ, అతనికి సైకిలు షాపు తప్ప వేరే చింత ఏముంది.

ఏటిగడ్డ లారీలు తలో దిక్కూ పోయాయి. మేం పాలమూరు చేరాం. నేను టైపు నేర్చుకున్నాను, తర్వాత కంప్యూటరు. తొంభై ఐదులో ఒక ప్రైవేటు ఆఫీసులో ఆపరేటరుగా చేరాను. అక్కడి పని ఏమిటో విని ఇంకోసారి అడిగాను. నీళ్లలో మునిగిన ఊళ్ల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే కంట్రాక్టు అది. ఊళ్లు మునిగే ముందు సర్వే వాళ్లు ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఫారాలు. ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలు. ఇంటి యజమాని, భార్య, పిల్లలు, వాళ్ల వయసులు, ఎన్ని గోడలు, ఎన్ని చెట్లు, తర్వాత చేర్చిన ఇప్పటి నివాసం. నేను చేరేసరికే సగానికి పైగా ఎక్కించేశారు. మొత్తం ఆరు వేల నాలుగు వందలు అన్నారు. అందులో ఒకటి పెంటమ్మ వాళ్లది.

చేరిన రోజే మా సూపర్వైజరు రఘుపతి సారును అడిగాను, ఒక ఇంటి ఫైలు చూడాలంటే ఎట్లా అని.

"యజమాని పేరు చెప్పమ్మా. రిజిస్టర్ల చూసి నంబరు చెప్త."

ఫైళ్లకు పేర్లు లేవు, నంబర్లే, అవీ కట్టలు చేతికందిన వరుసలో వేసినవి కాబట్టి మా ఇంటి పక్క నంబరు పక్కింటిది కాదు. ఏ నంబరు ఎవరిదో చెప్పే రిజిస్టరు యజమానుల పేర్ల వరుసలో ఉంది. ఊరి పేరు పట్టుకుని చూద్దామంటే ఏటిగడ్డ శివారు పల్లె, సర్కారు లెక్కలో దానికి వేరే పేరే లేదు. బాపు పేరు నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి పోయి అమ్మను అడిగాను. మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం, ఆ మాటలు ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"పెంటమ్మ వాళ్ల బాపు పేరేంది?"

"అన్న."

"అన్న కాదమ్మా, పేరు."

"అన్నను పేరు పెట్టి ఎవరన్న పిలుస్తరా?"

"మరి అబ్బా ఏమని పిలిచేటోడు?"

"బావా అనేటోడు. నేను అన్న అంటే, ఆయన బావ గాకుంట ఏమైతడు?"

ఊరివాళ్లను ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు? కొల్లాపూర్ సంతలో ఒక ముసలాయన దొరికితే ఆయనా గడ్డం గోక్కుని, "పెద్దన్న అనేటోళ్లం గదా" అన్నాడు. పన్నెండేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. అన్నం పెట్టినవాడి పేరు తెలుసుకోకుండా వచ్చాను.

భోజనం టైములో కొన్నాళ్లు ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. నంబరు కొట్టు, తెరుచుకునేదాకా ఆగు, చదువు, మూసెయ్యి. రోజుకు పదిహేను అయ్యేవి. మధ్యలో కరెంటు పోయేది. నాలుగు వందల దాకా వచ్చాక రఘుపతి సారు చూసి, ఇది ఆఫీసా, నీ చుట్టాలిల్లా అన్నాడు. మానేశాను. అలా మూడేళ్లు పోయాయి.

తొంభై ఎనిమిదిలో భిక్షపతి వచ్చాడు. పట్నంలో కోర్సు చేసినవాడు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. ఏదో కంప్యూటరు పత్రికతో పాటు వచ్చిన సిడి పెట్టి మూలన ఉన్న మిషన్లో కొత్త సిస్టమ్ ఎక్కించాడు. అందులో ఒక భాష ఉందట, పెర్ల్. ముత్యమా అని అడిగితే, ముత్యమే కాని స్పెల్లింగు తప్పు అన్నాడు. ఆ భాషలో నాలుగు ముక్కలు రాసిపెడితే వెయ్యి ఫైళ్లయినా అదే తెరిచి, అదే చదివి, మనకు కావలసిన మాట ఎందులో ఉందో చెబుతుందట.

టిఫిను డబ్బా మూసి పక్కన పెట్టాను.

"పేరు తెల్వకున్నా?"

"ఎవరి పేరు?"

చెప్పాను. రిబ్బను సంగతితో సహా అంతా చెప్పాను. అంతకుముందు బయటివాళ్లెవరికీ చెప్పలేదు. భిక్షపతి నవ్వలేదు.

"నా పేరు ఎట్ల వచ్చిందనుకున్నవక్కా? నాకు ముందు ఇద్దరు పోయిండ్రు. మా అవ్వ కొంగు పట్టి ఐదిండ్లల్ల బిచ్చం అడిగి నన్ను సాదింది. పెంటమ్మది నాది ఒకటే జమాత్. రా, కూసో."

మూడు మధ్యాహ్నాలు నేర్పాడు. ఫైళ్లున్న డైరెక్టరీ తలుపు తియ్యాలి. లోపలున్నవాటి పేర్లు ఒక్కొక్కటే అందుకోవాలి. అందిన ఫైలు తెరిచి వరుసవరుసా చదవాలి. వెతికే పేరు కనపడితే ఆ నంబరు రాయాలి, మూసి తర్వాతదానికి పోవాలి. అంతా కలిపి పదకొండు వరుసలు. మొదటిసారి నడిపితే ఫైళ్ల నంబర్ల కంటే ముందు ఒక చుక్క, దాని తర్వాత రెండు చుక్కలు వచ్చాయి. ఇవెవరివి అన్నాను.

"ఒక్క చుక్కంటే గీ ఇల్లే. రెండు చుక్కలంటే గీ ఇల్లు ఏ ఇంట్ల ఉన్నదో గా ఇల్లు. ప్రతి డైరెక్టరీల ఉంటయి."

"అండ్ల ఏమన్న దొరుకుతదా?"

"ఏం దొరకది. దాటిపోవాలె."

దాటిపోయే వరుస కూడా రాశాను. పెంటమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ మాట నా నోట చివరిసారి ఎలా వచ్చిందో గుర్తుంది. చివరికి కొట్టి, ఎంటరు నొక్కాను.

టీ చల్లారకముందే నంబర్లు రావడం మొదలైంది. ఆగలేదు. తెర నిండి పైకి జరిగిపోతూనే ఉన్నాయి. రెండు వందల పద్నాలుగు మంది పెంటమ్మలు.

ఒక్కో పెంటమ్మకు ముందు ఎంతమంది పోయి ఉంటారో ఇద్దరం లెక్కవేసుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. ఆ ఊళ్లన్నీ నీళ్ల కింద ఉన్నాయి, ఆ పిల్లల్ని పెట్టిన మట్టి కూడా నీళ్ల కిందే ఉంది.

ఆ రెండు వందల పద్నాలుగూ చదవడానికి వారం పట్టింది. అరవై ఏళ్ల పెంటమ్మలు, చంటి పెంటమ్మలు, నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్క పెంటమ్మ. పన్నెండేళ్లవాళ్లు ముగ్గురు దొరికారు. ఒకరు చాకలోళ్లు, ఒకరు బెస్తోళ్లు, ఇంకొకరికి ఆరుగురు అక్కలు. నా పెంటమ్మ లేదు. చివరి ఫైలు మూసేటప్పుడు నాకు ఏడుపు కాదు, కోపమే వచ్చింది. కోపం వస్తే ఎవరి మీదో చూపించాలి కదా, భిక్షపతి దొరికాడు.

"నీ ముత్యం సగం ఫైళ్లు చదువకుంటనే మూసినట్టుంది."

"ఫికర్ జెయ్యకక్కా, చూద్దం. అండ్ల తప్పకుంట ఉన్నదని తెలిసిన మాట ఒకటి వెతుకు. అది దొరికితే ప్రోగ్రాం మంచిదే. మీ ఇంటి ఫైలున్నది గదా? నీ పేరు కొట్టు."

ఆఫీసు హాజరు పుస్తకంలో రాసే స్పెల్లింగుతో, జే అక్షరంతో, జాహేదా అని కొట్టాను. ఒకే ఒక్క నంబరు వచ్చింది. తెరిచాను.

అది మా ఇల్లు కాదు.

యజమాని: సాయిలు, తండ్రి మల్లయ్య. భార్య: కృష్ణమ్మ. కూతుళ్లు ఇద్దరు. నిర్మల, పన్నెండేళ్లు. జాహేదా, పన్నెండేళ్లు. మట్టి గోడలు నాలుగు. వేపచెట్టు ఒకటి.

"గిదేంది?" అన్నాడు భిక్షపతి. "సాయిలుకు జాహేదా ఎట్ల బిడ్డయితది?"

ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. ప్యాంటు వేసుకున్న సర్వే సారు కొలిచే గొలుసు పట్టుకుని వచ్చాడు. ఎక్కడో కోస్తా నుంచి వచ్చినవాడు, మా మాట ఆయనకు సరిగా తెలిసేది కాదు. మేమిద్దరం ఒకే కంచంలో తింటున్నాం. పిల్లలెంతమంది అని అడిగాడు. బాపు మావైపు చెయ్యి చూపి, "గీ ఇద్దరు నా బిడ్డలే" అన్నాడు. మా దగ్గర ఆ మాట ఎవరైనా ఎవరి పిల్లనైనా అంటారు. ఆయన రాసుకున్నాడు. పేర్లు అడిగాడు. నేను నా పేరు చెప్పాను. అది పెంటమ్మ అంటే ఆయన మొహం చిట్లించి, సర్కారు కాగితంలో అలాంటి పేరు బాగుండదని మంచి పేరు ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో మేం అడగలేదు. మాకు చదవడం వచ్చినా, ఆ కాగితం మాకు చూపించేవాళ్లెవరు?

తర్వాత చూస్తే మా ఇంటి ఫైల్లో నా పేరు జెడ్ అక్షరంతో ఉంది. అబ్బా దగ్గరుండి పట్టుబట్టి రాయించి ఉంటాడు. అందుకే ప్రోగ్రాముకు అది కనపడలేదు.

ఇప్పటి నివాసం అన్న చోట ఆలంపూర్ దగ్గరి ఒక కాలనీ పేరు ఉంది. ఫైలు ఎక్కించిన తారీఖు చూశాను. నేను ఆఫీసులో చేరడానికి రెండు నెలల ముందు.

ఆ ఆదివారమే కర్నూలు బస్సెక్కాను. షరీఫ్ తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. ఆలంపూర్ చౌరస్తాలో దిగి ఆటోలో కాలనీకి పోయి, జీవితంలో మొదటిసారి ఆ పేరు పైకి అన్నాను. "సాయిలు వాళ్ల ఇల్లేది?" ఒక పిల్ల చెయ్యి చూపించింది.

వాకిట్లో ఒక ఆడమనిషి కందులు చెరుగుతోంది. చేట ఆగింది. నన్ను కిందినుంచి మీదికి చూసింది. నేను దాన్ని గుర్తు పట్టాను. ముక్కుపుడక తప్ప ఏం మారలేదు. ఒక్క కూతురే కాబట్టి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారని, అందుకే అదే ఇంట్లో ఉందని తర్వాత తెలిసింది.

"జాహేదావా?" అంది.

తల ఊపాను. అది లేచి రాలేదు. చేట పక్కన పెట్టి, పక్కనున్న జాగా చేత్తో తుడిచింది. పోయి కూర్చున్నాను.

"బాపు ఏడి?" అన్నాను.

"పోయిన వానకాలం పోయిండు."

పోయిన వానకాలం. మూడేళ్లు ఆ ఫైలు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అందులో రెండేళ్లు ఆయన బతికే ఉన్నాడు. నాలుగు వందల దగ్గర ఆగకుండా ఉంటే, వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. పెంటమ్మ వాకిట్లో, కంది పొట్టులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అది నా వీపు మీద చెయ్యి వేసింది.

కొంతసేపటికి, వచ్చిన పని గుర్తొచ్చింది.

"బోరింగు కాడ నేనొక మాటన్న."

"యాదికున్నది."

"గది వాపసు తీసుకుందామని వచ్చిన."

"లారీ ఎక్కినంక ఘాట్ రోడ్డు దిగేదాక నిన్ను తిట్టుకుంటనే పోయిన" అంది పెంటమ్మ. "నీ మొకం సూడొద్దనుకున్న. పెద్దగైనంక కోపం పోయింది. పాలమూర్ల కూలికి వచ్చినప్పుడు, మీరు గాడనే ఉన్నరని విని గడియారం చౌరస్తా కాడ మీ ఇల్లు అడిగిన. మీవోళ్ల పేరేందన్నరు. అబ్బా అన్న. అందరు నవ్విండ్రు."

"మొయినుద్దీన్" అన్నాను. "అబ్బా పేరు మొయినుద్దీన్."

"మొయినుద్దీన్" అంది అది నెమ్మదిగా, మరిచిపోకుండా ఉండాలన్నట్టు. "ఉన్నడా?"

"లేడు. ఎనిమిదేండ్లాయె."

తర్వాత అది లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో చుట్టిన రేషన్ కార్డు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. సాయిలు, కృష్ణమ్మ, నిర్మల. నాలుగో పేరు నాది.

"సర్వే కాయితం సూసి గిట్లనే రాసిండ్రు. నన్ను నిర్మల అన్నరు. గా పేరుతోని పిలిస్తే ఇప్పటికి నేను పలుక. కార్డులు మార్చినప్పుడల్ల సార్లు అడుగుతరు, రెండో బిడ్డె ఏదని. ఒకసారి పేరు కొట్టేస్తమన్నరు. బాపు వాళ్ల కాళ్ల మీద పడ్డడు."

"ఎందుకు?"

"'నా పిల్లల పేర్లు మూడు మట్టిల కలిసినయి సారూ. గీ ఒక్క పేరన్న కాయితంల ఉండనియ్యిండ్రి' అన్నడు. బిడ్డె అత్తగారింటికి పోయింది, వస్తదని చెప్పిండు. పోయేదాక అందరికి గదే చెప్పిండు."

నేను కార్డు చేతిలో పట్టుకుని ఉన్నాను. పెంటమ్మ పొయ్యి ముట్టించి టీ పెట్టింది. డబ్బా తీసి చక్కెర వేసింది, మళ్లీ వేసింది, మూడోసారి కూడా వేసింది. గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"గింత శక్కరా?" అన్నాను.

"పదిహేడేండ్లు కార్డుల నీ వంతు మేమే తిన్నం" అంది. "తాగు."